కుసుమ టీచర్ గారి వంటమనిషి

చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీ వెనక సందులో ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో సుహాసిని ఉండేది. ఆ సందులో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. యాభైకి దగ్గర పడుతున్నా, పాపిట పక్కన జుట్టంతా నెరిసిపోయినా, అందరికీ ఆమె "కుసుమ టీచర్ గారి అమ్మాయి"గానే మిగిలిపోయింది.

కుసుమ టీచర్ నారాయణగూడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో జీవితమంతా లెక్కలు చెప్పింది. గంజి పెట్టిన చీర మడత నలగకుండా వెళ్లి, మడత నలగకుండా తిరిగొచ్చేది. ఆవిడ చేతి కింద చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, కలెక్టరాఫీసులో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లున్నారు. సొంత కూతురు మాత్రం డాక్టరు కావడానికి ఎంసెట్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ సీటు రాలేదు. రెండోసారి ఫలితం వచ్చిన పొద్దున కుసుమ టీచర్ అరవలేదు, చెయ్యెత్తలేదు. వంటింట్లోంచి గరిటె తెచ్చి కూతురి చేతిలో పెట్టి, "నీకిదే ఎక్కువ," అంది. తండ్రి వీరరాఘవరావు గారు సెక్రటేరియట్ ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నోట్లో నాలుక లేనివాడు. ఆ పూట ఆయన పేపరు మడిచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

సుహాసిని ప్రైవేటుగా బీఏ కట్టి, టైపు నేర్చుకుని, తర్వాత డీటీపీ నేర్చుకుంది. అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లకి తెలుగు మెటీరియల్ కంపోజ్ చేసి ఇవ్వడం ఆమె పని. సంబంధాలు కొన్ని వచ్చాయి. వచ్చినవాళ్లు అమ్మాయి ఏం చదివిందని అడిగితే, కుసుమ టీచర్ ఉన్నదున్నట్టు చెప్పేది. ఉన్నదానికి ఇంకాస్త కలిపి, "మా అబ్బాయంత చురుకు కాదండీ, కాస్త మందమతి," అనేది. నిజాయితీ అనుకునేది ఆవిడ దాన్ని. సంబంధాలు వెనక్కి పోయాయి. తండ్రి పోయాడు. అన్న రాఘవేంద్ర బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ భార్యాపిల్లలతో మియాపూర్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. తల్లీ కూతుళ్లు మిగిలారు.

జబ్బు మొదట ఎలా బయటపడిందంటే, రిటైరై ఇరవై ఏళ్లయ్యాక ఒక సోమవారం పొద్దున్న కుసుమ టీచర్ తయారై, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, నడుచుకుంటూ నారాయణగూడ స్కూలుకి వెళ్లిపోయింది. స్టాఫ్‌రూంలో ఎవరి కుర్చీలోనో కూర్చుని, ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాలి, తెమ్మంది. వాచ్‌మన్ పాతవాడు కాబట్టి గుర్తుపట్టి ఫోన్ చేశాడు. సుహాసిని ఆటోలో వెళ్లి చెయ్యి పట్టుకుని లేపబోతే, ఆవిడ టీచర్లందరి ముందూ, "పేరెంట్స్ లోపలికి రాకూడదు, బయట నిలబడు," అంది.

తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. పొయ్యి ఆపడం, నీళ్లు కట్టేయడం, చీర కుచ్చిళ్లు. చివరికి కూతురు పోయింది. ఒక రోజు పొద్దున్నే కాఫీ తెచ్చిచ్చిన సుహాసినిని పైనించి కిందికి చూసి, "కొత్తగా వచ్చావా? పాత వంటావిడ మానేసిందా?" అని అడిగింది. సుహాసిని నవ్వి సరిదిద్దింది. మర్నాడూ సరిదిద్దింది. నాలుగు నెలలు పోయాక ఇక సరిదిద్దడం మానేసింది. వంటమనిషి అనుకుంటే పెట్టింది తింటుంది. కూతుర్నని చెబితే, "నా కూతురు ఇలా ఉండదు," అని కంచం తోసేస్తుంది. అంతకంటే ఏం కావాలి?

పొద్దుటి పూట గిన్నెలు తోమడానికి మాసమ్మ వచ్చేది. పాలమూరు వైపు నుంచి వలసొచ్చి, బిల్డింగు పనులు చేసి, నడుం పోయాక ఇళ్లల్లో పనికి కుదిరింది. టీచరమ్మకి స్నానం చేయించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు నీళ్లు పోయాలి. ఆ పట్టుకునే పని మాసమ్మది. ఒకసారి బట్టలు పాడుచేసుకున్నప్పుడు ఇద్దరూ కలిసి కడుగుతుంటే, కుసుమ టీచర్ మాసమ్మని కాలితో తన్ని, కులం పేరు పెట్టి తిట్టి, ముట్టుకోవద్దని మొహం మీద ఉమ్మేసింది. సుహాసిని చెయ్యి తనకి తెలియకుండానే లేచింది. చెంప మీద ఒక్క దెబ్బ. ముసలావిడ చెంప పట్టుకుని చిన్నపిల్లలా చూసింది. మాసమ్మ పైటకొంగుతో మొహం తుడుచుకుంటూ, "పోనియ్యక్కా, ఆమెకేం ఎరుక," అంది. అమ్మను కొట్టానే అని సుహాసిని ఆ రోజంతా అన్నం తినలేదు. కుసుమ టీచర్ మాత్రం పది నిమిషాల్లో మర్చిపోయి, పెరుగన్నం అడిగి మరీ తింది.

నారాయణగూడ దగ్గర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించేవాళ్లు. డాక్టర్ ఉదయ్ కుమార్ అని, మెత్తని మనిషి. పేషెంటు మాట్లాడుతుంటే గడియారం చూడడు. ఒకసారి ఆయన, "సుహాసిని గారూ, అమ్మగారిని మా పిల్లల క్లాసుకి తీసుకురాగలరా? డిమెన్షియా అంటే వాళ్లకి పుస్తకంలో నాలుగు పేజీలు. ఒక మనిషిని చూడాలి వాళ్లు," అన్నాడు. ఆసుపత్రిలో లైనులో నిలబడే పని లేకుండా చూస్తానని కూడా అన్నాడు. సుహాసిని సరేనంది. లైను సంగతి ఒక కారణం. రెండో కారణం ఎవరికీ చెప్పుకోలేదు. మెడికల్ కాలేజీ క్లాసురూములో అడుగు పెట్టాలని ఒకప్పుడు ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు. ఆ రోజు బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

మెట్లు మెట్లుగా ఉన్న హాలు. కింద రెండు కుర్చీలు. పైన వంద మంది పిల్లలు తెల్లకోట్లలో. కుసుమ టీచర్ లోపలికి వస్తూనే అందరూ లేచి నిలబడ్డారు, పెద్దావిడని.

"కూర్చోండి," అంది ఆవిడ, చెయ్యి కిందికి ఊపి.

హాలంతా ముచ్చటపడి నవ్వింది. డాక్టరు పిల్లలవైపు తిరిగాడు. "ఒక మాట గుర్తుపెట్టుకోండి. పక్కన వచ్చినవాళ్లని కాదు, పేషెంటుని అడగండి. వీళ్లు ఏం చెప్పినా ఇంట్లోవాళ్లు 'ఆవిడకి తెలియదులెండి' అంటారు. మనమూ వినడం మానేస్తాం. వినడం మానేసిన రోజు మనం డాక్టర్లం కాము." తర్వాత ఆవిడ ముందు వంగి, "అమ్మా, ఇవాళ తేదీ ఎంత?" అన్నాడు.

"బోర్డు మీద రాసి ఉండాలి. రాయలేదంటే క్లాసు లీడరు ఎవరు?"

మళ్లీ నవ్వులు. ఈసారి కాస్త గట్టిగా. డాక్టరు కూడా నవ్వి, సుహాసినిని చూపించాడు. "ఈవిడ ఎవరమ్మా?"

"మా వంటమనిషి. వంట ఫరవాలేదు గానీ చేతివాటం ఉంది. నా గాజులు తీసి దాచుకుంది. అడిగితే కొడుతుంది. చేతులు కట్టేసి పడుకోబెడుతుంది, బయటికెళ్తే తాళం వేసి పోతుంది." ఆవిడ గొంతులో ఏ కోపమూ లేదు. స్టాఫ్ మీటింగులో రిపోర్టు చదువుతున్నట్టుంది. "తీసేద్దామంటే ఇంకో మనిషి దొరకొద్దూ?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సుహాసిని మోకాళ్ల మీద చీరని రెండు చేతులతో సర్దుకుంది. డాక్టరు ఆమె భుజం మీద ఊరడింపుగా చెయ్యి వేసి, "ఇలాంటి అనుమానాలు ఎందుకొస్తాయన్నది వచ్చే వారం చూద్దాం," అని పిల్లలకి చెప్పి, ఇవాళ జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా చెయ్యాలో మొదలుపెట్టాడు. కుసుమ టీచర్ వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే కొన్ని అంకెలు చెప్పి, ఆగి, అంతమంది ముందూ మొదటిసారి బిత్తరపోయింది. లెక్కలు పోయాయని ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది. ఆ మొహం చూసి కూడా ముందు బెంచీవాళ్లు నోట్సు రాసుకున్నారు.

మూడో వరసలో ఒక అమ్మాయి మాత్రం మొదట్నుంచీ నవ్వలేదు. క్లాసు అయ్యాక మెట్లు దిగొచ్చి కుసుమ టీచర్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సిద్దిపేట వైపు పిల్ల, పేరు తన్మయి.

కుసుమ టీచర్ ఆ పిల్ల మొహాన్నీ, తెల్లకోటునీ, మెడలోని స్టెతస్కోపునీ ఆబగా చూసింది. చూస్తూ చూస్తూ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"వచ్చావా సుహా? ఎంత చిక్కిపోయావే! హాస్టల్లో అన్నం పెట్టడం లేదా?" చుట్టూ ఉన్నవాళ్లవైపు తిరిగి, "మా అమ్మాయండీ, సుహాసిని. డాక్టరు," అంది.

అసలు సుహాసిని పక్కనే, అమ్మ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత తన్మయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. కాలేజీవాళ్లే ఒక్కొక్క విద్యార్థినీ ఒక్కొక్క పేషెంటు ఇంటికి వెళ్లి చూడమన్నారు. మిగతావాళ్లు ఒకసారి వెళ్లి మమ అనిపించారు గానీ, ఈ పిల్ల శనివారం శనివారం వచ్చేది. మనసున్న పిల్ల. వచ్చేటప్పుడు బత్తాయిలు తెచ్చేది, తొనలు ఒలిచి గింజలు తీసి నోటికందించేది. ఈ మధ్య కూతురి చేతి ముద్దకి మొహం తిప్పుకుంటున్న ముసలావిడ ఆ పిల్ల చేతి తొనకి పిట్టలా నోరు తెరిచేది.

సుహాసిని వంటింట్లో కూర్చుని పేజీలు దిద్దుకుంటూ వినేది. "నువ్వు పుట్టినప్పుడు కుంభవృష్టి సుహా. మీ నాన్న మోకాటిలోతు నీళ్లలో రిక్షా తోసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సు నిన్ను తెచ్చి చూపిస్తే, ఇంత తెల్లటి పిల్ల నాదేనా అనుకున్నా," అని అవతలి గదిలో అమ్మ చెబుతోంది. సుహాసిని తన పుట్టుక కథ వినడం అదే మొదటిసారి. ఆమెకి ఎవరూ చెప్పలేదు. "సీటు వచ్చిందని తెలిసిన రోజు నిన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చా, గుర్తుందా?" అంటే, "గుర్తుందమ్మా," అని తన్మయి జవాబు. సుహాసిని పేజీలో అచ్చుతప్పు ఎక్కడుందో కనబడక అదే లైను మళ్లీ మళ్లీ చదివింది.

ఒకసారి వెళ్తూ వెళ్తూ తన్మయి గడపలో ఆగింది. "ఆంటీ, ఏమనుకోకండి. మీరు జర ప్రేమతోని మాట్లాడితే అమ్మమ్మకి భయం పోతది."

"నేను మాట్లాడితేనే భయం అమ్మా ఆవిడకి," అంది సుహాసిని. అంతకంటే విప్పి చెప్పలేదు. ఇరవై ఏళ్ల పిల్లకి ఏం చెబుతుంది? పైగా ఆ పిల్ల వచ్చిన రెండు గంటలే ఆమె వారం మొత్తంలో నడుం వాల్చే రెండు గంటలు.

ఆ రోజు శనివారం కాదు. పరీక్షలకి ముందు సెలవులని తన్మయి చెప్పకుండా వచ్చింది. తలుపుకి బయట తాళం. సుహాసిని దిద్దిన పేజీలు ఇవ్వడానికి అశోక్ నగర్ వెళ్లింది. ఆ కోచింగ్ సెంటర్ సారుకి కాగితం మీద ఎర్ర పెన్నుతో చూసుకుంటేగానీ తృప్తి ఉండదు. మధ్యాహ్నం పూట కూర్చోబెట్టడానికి మనిషి లేదు. అమ్మ పడుకున్నాక తాళం వేసి, పరుగున వెళ్లి పరుగున రావడం ఆమెకి అలవాటు. ఒకసారి తాళం వేయకుండా వెళ్తే కుసుమ టీచర్ క్రాస్ రోడ్స్ దాకా వెళ్లి, బస్సుల మధ్య నిలబడింది.

తన్మయి బెల్లు కొట్టింది. వరండా వైపు కిటికీలో కుసుమ టీచర్ మొహం కనిపించింది. ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. మణికట్టు చుట్టూ గాజులా కమిలిన మచ్చ.

"సుహా, నన్ను తీసుకుపోవే. ఇది నన్ను చంపేస్తుందే. అన్నం పెట్టదే."

పక్కనే, కిటికీ అవతల బల్ల మీద, మూత పెట్టిన కంచంలో అన్నం అలాగే ఉంది. కిటికీ బయట నిలబడ్డ పిల్లకి అది కనబడదు. తన్మయి ఊచల్లోంచి ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రోగి మాట వినమన్నారు కదా సారు. వింది. సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి, పెద్దవాళ్ల మీద అఘాయిత్యాలకి పెట్టిన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. సుహాసినిని ఒక్క మాట అడుగుదామని ఆ పిల్లకి తోచలేదు. తోచినా అడగకూడదనే అనుకునేదేమో.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆ హెల్ప్‌లైన్ తరఫున ఒక మేడమూ, వెంట ఒక లేడీ కానిస్టేబులూ వచ్చారు. మేడం నెమ్మదస్తురాలే. ముందు కుసుమ టీచర్‌తో మాట్లాడింది. ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని, క్లాసులో చెప్పినదంతా అంతే ఓపిగ్గా చెప్పింది. తర్వాత మేడం సుహాసినివైపు తిరిగింది.

"మీరు తాళం వేసి వెళ్తారా?"

"అవునండీ."

"చెయ్యి కట్టేస్తారా?"

"రాత్రి చున్నీతో నా చేతికీ ఆవిడ చేతికీ ముడి వేసుకుంటానండీ. లేస్తే నాకు తెలియాలని."

"కడతారు. అవునా కాదా?"

"అవునండీ."

"బంగారు గాజులు మీ దగ్గరున్నాయా?"

అవి దిండు గలీబులో దొరికితే తన బీరువాలో పెట్టింది సుహాసిని. మళ్లీ ఆవిడకిస్తే మళ్లీ పోతాయని. "ఉన్నాయండీ," అంది.

"బీరువా తాళం?"

"నా దగ్గరే."

చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఒక్కొక్క అవునూ ఆమె మెడకి ఒక్కొక్క మెలికగా పడుతోంది. గిన్నెలు తోముతున్న మాసమ్మ అది గమనించింది. అక్కకి అన్యాయం జరుగుతోందని చేతులు కడుక్కోకుండానే బయటికొచ్చింది.

"మేడం, మా అక్క బంగారం అసుంటిది. గీ ముసలామె కరుస్తది, తంతది, ఉమ్ముతది. ఇన్నేండ్లల్ల అక్క ఒక్కసారే కొట్టింది. గది గూడ నా కోసమే కొట్టింది. నన్ను కులం పేరు పెట్టి తిడితే ఓర్సుకోలేక కొట్టింది."

మేడం కలం ఆపి సుహాసినిని చూసింది.

"కొట్టారా?"

"అవునండీ," అంది సుహాసిని.

మాసమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి మీద ఇంకా సబ్బు నురగ ఉంది.

డాక్టర్ ఉదయ్ కుమార్‌కి ఫోన్ చెయ్యమని సుహాసిని అడిగింది. చేశారు. ఆయన జబ్బు గురించి వివరంగా చెప్పాడు. ఇలాంటి ఆరోపణలు జబ్బులో భాగమనీ చెప్పాడు. "కొట్టానని ఆవిడే ఒప్పుకుంటోంది డాక్టర్ గారూ," అని ఇటునుంచి మేడం అంటే, ఆయన, "ఆ సంగతి నేను చెప్పలేనండీ," అన్నాడు. చూడని దానికి ఆయనేం చెబుతాడు?

కేసు పెట్టకుండా, కొడుకు తీసుకెళ్తానంటే వదిలేస్తామన్నారు. రాఘవేంద్ర ఆఫీసు నుంచి అట్నించటే వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి గంట కూర్చుని వెళ్లేవాడు, ఈసారి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. పక్క ఫ్లాట్లవాళ్లు తలుపులు తీసి చూస్తున్నారు.

"అమ్మని కొట్టావా నువ్వు? కన్నతల్లిని? చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది నాకు."

"అన్నయ్యా, మందులు ఏవి ఎప్పుడో చెబుతాను విను. అన్నం మెత్తగా కలిపి, చిన్న చిన్న ముద్దలు..."

"నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

సంచీ ఆమే సర్దింది. మెట్లు దిగేటప్పుడు కుసుమ టీచర్ కొడుకు చెయ్యి పట్టుకుని హుషారుగా ఉంది. మలుపులో ఆగి పైకి చూసి, "ఆ వంటమనిషి లెక్క తేల్చి పంపించెయ్యరా. నమ్మకస్తురాలు కాదు," అంది. సందులో సగం మంది విన్నారు.

రాఘవేంద్ర చెడ్డవాడు కాదు. తెలియనివాడు. తెలిసేసరికి వారం పట్టలేదు. భార్య వల్ల కాలేదు, అతని వల్ల అసలే కాలేదు. నెల తిరక్కుండానే తల్లిని మేడ్చల్ దారిలో ఒక కేర్ హోమ్‌లో చేర్చాడు. "నువ్వు వెళ్లకు, నిన్ను చూస్తే రెచ్చిపోతుంది," అని చెల్లెలికి ఫోనులో చెప్పాడు. సుహాసిని కొన్నాళ్లు ఆగి, ఆగలేక వెళ్లింది.

కుసుమ టీచర్ రెండు చేతులూ మంచం కమ్మీలకి గుడ్డపేలికలతో కట్టి ఉన్నాయి. సుహాసిని ఆయాని అడిగింది.

"సేఫ్టీ కోసం మేడం. మీ అన్నగారు సంతకం పెట్టిండు కదా," అంది ఆయా, దుప్పటి సర్దుతూ.

అక్కడికి ఏ మేడమూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. తల్లి మణికట్టు మీది పేలికని సుహాసిని వదులు చేయబోతే ఆవిడ గుర్తుపట్టింది. "ఇక్కడికీ వచ్చావా? ఇక్కడ నీకు దొరికేదేం లేదు, పో," అని అరిచింది. వార్డంతా తిరిగి చూసింది. నర్సు సుహాసినిని బయటికి తీసుకొచ్చింది.

"ఆమె తినట్లేదు మేడం. ట్యూబు వెయ్యాలంటున్నరు. పొద్దుగూకులూ సుహా సుహా అని ఒకటే పిలుపు. ఎవరామె? ఆమెని తోల్కొస్తే తింటదేమో."

"సుహా నేనే," అంది సుహాసిని.

నర్సు ఆమెని ఎగాదిగా చూసింది. నమ్మినట్టు లేదు.

అప్పుడు సుహాసిని చేసిన పని ఇంకెవరైనా చేస్తారో లేదో. మర్నాడు సాయంత్రం నారాయణగూడలో కాలేజీ లేడీస్ హాస్టల్ గేటు దగ్గర నిలబడి తన్మయిని పిలిపించింది. ఆ పిల్ల మెట్ల మీదే ఆగిపోయింది. ఆమెకి అన్నీ తెలుసు. వాయిదా పడుతూ వచ్చిన అనుమానాల పాఠం ఆ ఫోన్ చేశాకే వింది. ఉదయ్ కుమార్ సారు పక్కకి పిలిచి, "ముందు నాకు చెప్పాల్సింది," అన్న మాటా విన్నది. అప్పట్నుంచీ చిక్కడపల్లి వైపు పోకుండా చుట్టు తిరిగి పోతోంది.

"ఆంటీ, నేను... ఎట్ల చెప్పాలో..."

"ఏం చెప్పకు. అమ్మ తినడం లేదు. నీ చేత్తో తింటుంది. వచ్చి పెట్టు."

"ఆంటీ, సారీ ఆంటీ. నిజంగా నేను మంచిగనే అనుకున్న."

"నాకు తెలుసు. తెల్లకోటు వేసుకుని రా. స్టెతస్కోపు కూడా." సుహాసిని అప్పటికే ఆటోని ఆపుతోంది. "అది లేకపోతే నువ్వు నేను కావు."

ఇద్దరూ ఆటోలో మేడ్చల్ దారిన పోయారు. దారంతా తన్మయి ఏడుస్తూనే ఉంది. సుహాసిని ఓదార్చలేదు. క్షమించడానికి ఆమె అక్కడికి రాలేదు. అన్నం తినిపించడానికి మనిషిని తీసుకెళ్తోంది, అంతే.

తన్మయి మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నేను వచ్చిన. సుహాని," అంది. కుసుమ టీచర్ కళ్లు తెరిచింది. కోటుని చూసింది. మొహం చూసింది. కట్టేసిన చేతుల్ని దగ్గరికి తెచ్చి దణ్ణం పెట్టబోయి, కుదరక తల వంచింది.

"నమస్కారం డాక్టరు గారూ."

"డాక్టర్ని కాదమ్మా, నేను మీ అమ్మాయిని. సుహాసినిని."

"అబద్ధం చెప్పకూడదండీ, చదువుకున్నవాళ్లు. మా అమ్మాయి డాక్టరు కాదు. రెండుసార్లు రాసినా రాలేదు దానికి. మొద్దు." ఊపిరి అందక ఆగింది. "ఎక్కడో ఎవరింట్లోనో వంట చేసుకుని బతుకుతోంది పాపం. కనిపిస్తే ఒక్కసారి రమ్మని చెప్పండి."

సుహాసిని మంచానికి రెండో వైపున ఉంది. తనకి తెలియకుండానే వంగింది. "అమ్మా, నేనే అమ్మా. ఇక్కడే ఉన్నాను."

కుసుమ టీచర్ తల తిప్పి చూసింది. చాలా సేపు చూసింది. పెదవులు కదిలాయి. సుహాసిని చెవి దగ్గరగా పెట్టింది.

"పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నీకేం పని? వెళ్లి డాక్టరు గారికి కాఫీ పట్రా."

సుహాసిని బయటి వరండాలోకి వచ్చింది. అక్కడ కాఫీ దొరకదని ఆమెకి తెలుసు. గోడకి ఆనుకుని నిలబడింది. లోపల తన్మయి గిన్నెలోని జావ చెంచాతో నోటి దగ్గర పెడుతోంది. ముసలావిడ పళ్లు బిగించి, తల అటూ ఇటూ తిప్పుతోంది. జావంతా మెడ మీదికి కారింది.

తిండి మానేసిన ఎనిమిదో రోజున ట్యూబు వేశారు. ఇంకో నెలకి న్యుమోనియా వచ్చి కుసుమ టీచర్ పోయింది. రాఘవేంద్ర ఫోన్ చేసేసరికి ఏర్పాట్లన్నీ అయిపోయాయి. నేరుగా శ్మశానానికే రమ్మన్నాడు. కట్టెలు పేరుస్తున్నప్పుడు సుహాసిని చేరింది. మణికట్ల మీద రెండు వైపులా ఒరుసుకుపోయిన చర్మం కనిపించింది. అన్న కూడా చూశాడు. గుడ్డ లాగి కప్పేశాడు. సుహాసిని అవతలి అంచు సర్దింది. అతన్ని అనాలనుకుంటే ఆమె దగ్గర చాలా మాటలున్నాయి.

కర్మలయ్యాక తన్మయి ఇంటికొచ్చింది. సుహాసిని గ్రిల్ తలుపు తియ్యలేదు. ఊచల అవతల్నించే, "నువ్వు మంచిదానివేనమ్మా. నీ చదువు చదువుకో. ఇంక రాకు," అంది. ఆ పిల్ల మెట్ల మీద కాసేపు కూర్చుని ఏడ్చి వెళ్లిపోయింది. పాపం అనిపించింది సుహాసినికి. అయినా తలుపు తియ్యబుద్ధి కాలేదు.

కొత్త బ్యాచి వచ్చాక ఉదయ్ కుమార్ గారు ఫోన్ చేశారు. చూసుకునేవాళ్ల కష్టం ఎలా ఉంటుందో పిల్లలకి ఆమె నోటితో చెబితే బాగుంటుందని. "మీ విషయంలో పొరపాటు మాదే సుహాసిని గారూ. సగం పాఠం చెప్పి వదిలేశాను. అందుకే అడుగుతున్నా."

"రాలేనండీ," అంది ఆమె.

"మీరు వస్తే ఇంకో ఇంట్లో ఇలా జరగదేమో."

"జరగకపోతే మంచిదే సార్. కానీ అంతమంది ముందు ఇంకోసారి కూర్చోలేను." ఆయన ఇంకా ఏదో అంటుండగానే పెట్టేసింది.

ఫ్లాటు అన్న పేరు మీద ఉంది, అమ్మేశాడు. సుహాసిని కవాడిగూడలో ఒక గది కిరాయికి తీసుకుంది. కంప్యూటరు బల్ల, మంచం, పొయ్యి పడితే ఇంక నడవడానికి చోటు లేదు. చుట్టుపక్కలవాళ్లకి కుసుమ టీచర్ ఎవరో తెలియదు. అందువల్ల ఇక్కడ ఆమెని సుహాసిని గారూ అని పిలుస్తున్నారు. మొదట్లో ఎవరినో పిలుస్తున్నారనుకుని పలికేది కాదు.

మాసమ్మ అప్పుడప్పుడు ఆదివారం వస్తుంది. పని కోసం కాదు. వచ్చి గడపలో కూర్చుంటుంది. వచ్చినప్పుడల్లా అదే మాట.

"నేను గా మాట అనకుంటే అయిపోతుండె గదక్కా. నా నోరు పడిపోను."

"నువ్వు చెప్పింది నిజమే కదా మాసమ్మా."

"నిజమైతే మాత్రం? గప్పుడు చెప్పాల్నా?"

సుహాసిని లోపలికి రమ్మంటుంది, ఉప్మా పెడుతుంది. తనూ అదే గిన్నెలోంచి వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. మాసమ్మ ఏడుస్తూ తింటుంది. సుహాసినికి ఏడుపు రాదు. ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది.